ఒకప్పుడు సాయం అందుకున్నవాళ్ళు మళ్ళీ సాయానికి ఎందుకు వెళ్తారు? గంజాం తీరం నుంచి తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశాలోని గంజాం జిల్లాలో, గోపాల్‌పూర్ దగ్గర నుంచి ఆంధ్రా సరిహద్దు దాకా ఇసుక వెంబడే ఉన్న జాలరి ఊళ్ళలో ఒకటి మాది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. ఒడియావాళ్ళు మమ్మల్ని నోలియాలంటారు. పెద్ద తుపాను ఎటు కొట్టినా మా ఊరి నుంచి కొంతమందిమి అటు బయల్దేరతాం. మాలో దాదాపు అందరమూ ఏదో ఒక ఏడు లైన్లో నిలబడి బియ్యం పట్టుకున్నవాళ్ళమే. బరంపురంలోని చుట్టాలు, సూరత్ మరమగ్గాల మీద పనిచేసే మా పిల్లలు, ఇచ్ఛాపురం అవతలివాళ్ళు పదేపదే అడిగే ప్రశ్నలకు జవాబులు ఒకచోట రాసిపెడుతున్నాను.

అప్పట్లో మీకు అందిన సాయం ఏమిటి?

2013 అక్టోబరు 12, దుర్గాష్టమి. ఆ రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. గాలి గంటకు 200 కిలోమీటర్ల పైమాటే. నేనప్పుడు పదో తరగతి. ముందురోజే మైకులో ఒడియాలో చెప్పారు. మా ఊరి కుర్రాళ్ళు గడపగడపకీ తిరిగి అదే మాట తెలుగులో చెప్పారు. ఒడిశాలో దాదాపు పది లక్షల మందిని అలా ముందే కదిలించారు. 1999 సూపర్ సైక్లోన్‌లో సుమారు పదివేల మందిని పోగొట్టుకున్న రాష్ట్రంలో, ఫైలిన్‌కు పోయిన ప్రాణాలు పదుల్లోనే ఆగాయి.

షెల్టర్‌లో ఒకరి మోకాళ్ళ మీద ఒకరం కూర్చున్నాం. నడిరాత్రి ముందు గాలి ఉన్నట్టుండి ఆగింది. పడవలు చూసుకొస్తామని లేచిన మగవాళ్ళకు ఒక ముసలాయన తలుపుకడ్డంగా నిలబడ్డాడు. "ఇది తుపాను కన్నురా. వెనక గాలి ఇంకా రాలేదు" అన్నాడు. కాసేపటికి అవతలి వైపు నుంచి కొట్టిన గాలికి షెల్టర్ తలుపులే ఊగాయి. మాకు అందిన మొదటి సాయం ఆ ముసలాయన చెయ్యే అనుకుంటాను.

తెల్లారి చూస్తే మా ఇంటికి కప్పు లేదు, వలలు ఇసుకలో పూడిపోయాయి, ఊరి వెనక సరుగుడు తోట దువ్వెన పళ్ళు విరిగినట్టుంది. తర్వాత లారీలొచ్చాయి. అటుకులు, బెల్లం, బియ్యం, టార్పాలిన్ దించారు. బియ్యం చేతిలో ఉంది కానీ వండటానికి గిన్నె లేదు, పొయ్యికి పొడి పుల్ల లేదు, అగ్గిపెట్టె తడిసి ముద్దయింది. మా అమ్మ ఆ బియ్యం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

నాలుగో రోజో ఐదో రోజో, ఒక చిన్న వ్యానులో నలుగురు మనుషులు వచ్చారు. వాళ్ళు బియ్యం తేలేదు. అల్యూమినియం గిన్నెలు, గరిటెలు, అగ్గిపెట్టెలు, ఉప్పు, కొవ్వొత్తులు, ఆడవాళ్ళకు లోపలి పావడాలు, పాత కాటన్ చీరల గుడ్డ తెచ్చారు. మా అమ్మ వాళ్ళలో పెద్దాయన్ని "నువ్వెవరివి బావూ, మాకు గిన్నె లేదని నీకెవరు చెప్పారు?" అని తెలుగులోనే అడిగింది. ఆయన ఒడియాలో చెప్పింది నేను అమ్మకు తెలుగులో చెప్పాను. వాళ్ళది జగత్సింగ్‌పూర్ జిల్లా ఎరసమ వైపు. సూపర్ సైక్లోన్ ఎక్కువగా మింగింది ఆ ప్రాంతాన్నే. "బియ్యం ఇచ్చేవాళ్ళు వస్తారమ్మా. గిన్నె ఎవరూ తేరు. మాకూ తేలేదు" అన్నాడాయన.

ఈ పేజీలో మిగతాదంతా ఆ ఒక్క మాటను వివరించడమే.

అయితే మీరు వెళ్ళేది ఆ రుణం తీర్చుకోవడానికేనా?

చాలామంది ఇలాగే అంటారు. మాలో కొందరు కూడా అంటారు. నాకు మాత్రం ఆ మాట సరిపోదు. ఇచ్చినవాడి గుమ్మం తెలిస్తేనే అప్పు తీర్చగలం. ఎరసమ నుంచి వచ్చిన ఆ మనిషి పేరు కూడా మేం అడగలేదు. ఆయన గిన్నె ఇస్తూ లెక్క రాసుకోలేదు, మేం తీసుకుంటూ వేలిముద్ర వెయ్యలేదు.

తుపాను దెబ్బతిన్న ఊళ్ళో నిలబడితే నాకు కొన్ని విషయాలు కనిపిస్తాయి. పక్కన నిలబడినవాళ్ళకు అవి కనిపించవు. వాళ్ళు చెడ్డవాళ్ళు కాబట్టి కాదు, ఆ లైన్లో ఎప్పుడూ నిలబడలేదు కాబట్టి. కనిపించాక ఊరికే కూర్చోలేం. వెళ్ళడానికి సగం కారణం ఇదే.

మిగతా సగం చెప్పడానికి కొంచెం బిడియంగా ఉంటుంది. ఫైలిన్ తర్వాత మూణ్ణెల్లు మా పేరు "బాధితులు". జాబితాలో బాధితులం, ఫొటోల్లో బాధితులం, బడిలో కూడా "బాధితుల పిల్లలు". మా నాన్న నడిసంద్రంలో ఇంజను ఆగిపోయిన పడవను తీరానికి చేర్చిన మనిషి. ఆయన చెయ్యి చాపి నిలబడటం నేను చూశాను. 2018లో తిత్లీ తుపాను తర్వాత శ్రీకాకుళం జిల్లా కవిటి వైపు వెళ్ళినప్పుడు ఆయన రంపం పట్టుకుని రోడ్డుకడ్డంగా పడ్డ చెట్లు కోశాడు. ఆ సాయంత్రం నాన్న నడకే మారింది. ఇన్నేళ్ళయినా ఆ నడక నాకు గుర్తుంది.

దీని మీద ఎవరైనా పరిశోధన చేశారా?

చేశారు. ఎర్విన్ స్టాబ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, యోహానా వోల్‌హార్ట్ కలిసి దీన్ని "బాధలోంచి పుట్టిన పరోపకారం" అన్నారు. 2008లో వాళ్ళు దీని మీద ఒక వ్యాసం ప్రచురించారు. స్టాబ్ కథే ఇందుకు తగ్గట్టు ఉంటుంది. ఆయన హంగరీలో పుట్టిన యూదు కుర్రాడు. రెండో ప్రపంచ యుద్ధంలో స్వీడన్ దౌత్యవేత్త రౌల్ వాలెన్‌బర్గ్ ఏర్పాటు చేసిన రక్షిత ఇళ్ళ వల్ల బతికి బయటపడ్డాడు. తర్వాత జీవితమంతా మనుషులు ఎప్పుడు సాయం చేస్తారు, ఎప్పుడు చూస్తూ ఊరుకుంటారు అన్నదే పరిశీలించాడు.

బాధ ఒక్కటే మనిషిని మంచివాణ్ణి చేస్తుందని వాళ్ళు అనలేదు. బాధలో ఉన్నప్పుడు ఎవరో ఒకరు ఆదుకోవాలి. ఆ గాయం కొంతైనా మానాలి. సాయం చేసే మనిషిని కళ్ళారా చూసి ఉండాలి. తనూ ఏదో ఒకటి చెయ్యగలిగానన్న అనుభవం ఉండాలి. వాళ్ళు చెప్పిన పరిస్థితులు ఇలాంటివి. మా ఊరిని దీనితో పోల్చి చూస్తే అన్నీ ఉన్నాయి: తలుపుకడ్డంగా నిలబడ్డ ముసలాయన, గిన్నెలు తెచ్చిన మనిషి, గడపగడపకీ తిరిగిన కుర్రాళ్ళు.

2006లో మోనికా బార్ట్‌లెట్, డేవిడ్ డెస్టెనో చేసిన ప్రయోగం ఇంకొకటి. పని ముగిసే వేళకు కావాలనే కంప్యూటరు ఆగిపోయేలా ఏర్పాటు చేశారు. పక్కనున్న మనిషి దాన్ని బాగుచేసిపెట్టేది. ఆ తర్వాత, విసుగు పుట్టించే ఒక పనిలో సాయం అడిగితే, కృతజ్ఞతతో ఉన్నవాళ్ళు ఎక్కువసేపు కూర్చుని చేశారు. అడిగింది బాగుచేసిన మనిషి కాకుండా ముక్కూ మొహం తెలియనివాళ్ళయినా చేశారు. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. నీకు మేలు చేసింది ఫలానా మనిషి అని ముందే గుర్తుచేస్తే, తెలియనివాళ్ళకు చేసే సాయం తగ్గింది. గిన్నె ఇచ్చినాయన పేరు అడగకపోవడమే మంచిదయిందేమో అని ఇది చదివాక అనిపించింది. ఎవరికి తీర్చాలో తెలిసి ఉంటే అక్కడితో ఆగిపోయేవాళ్ళమేమో.

కష్టం పడ్డవాళ్ళందరికీ ఎదుటివాళ్ళ మీద జాలి పుడుతుందా?

పుట్టదు. ఇది దాచకూడని విషయం.

"మేం పడలేదా? మేం లేచి నిలబడలేదా? వీళ్ళకేమైంది?" అనే మాట మాలోనూ వినిపిస్తుంది. ఒకసారి ఒక అప్ప నాలుగు రోజులుగా ఏడుస్తున్న ఒకామెను అందరి ముందూ అలాగే కసిరింది. ఆ అప్ప ఫైలిన్‌లో అంతకంటే ఎక్కువే పోగొట్టుకుంది. 2015లో అమెరికా పరిశోధకులు రేచెల్ రటన్ బృందం సరిగ్గా దీన్నే పరీక్షించింది. ఒక కష్టాన్ని దాటి వచ్చినవాళ్ళు, అదే కష్టంలో పడి తట్టుకోలేక చతికిలబడ్డవాళ్ళను, ఆ అనుభవం లేనివాళ్ళకంటే కటువుగా చూడటం వాళ్ళకు కనిపించింది. దాటేశాక ఎంత కష్టంగా ఉండేదో మనసు తక్కువ చేసి గుర్తుపెట్టుకుంటుందని, అది దాటదగిందే అన్న నమ్మకం బలపడుతుందని వాళ్ళు చెప్పిన కారణం.

అందుకని బయల్దేరేముందు మేం ఒక పని చేస్తాం. ఎవరికి వాళ్ళం మన తుపానులో రెండోవారం ఎలా గడిచిందో చెప్పుకుంటాం. మొదటి రోజు గురించి ఎవరైనా చెబుతారు, అది కథలా ఉంటుంది. రెండోవారంలో లారీలు రావడం ఆగిపోతాయి, కప్పు ఇంకా ఉండదు, దోమలుంటాయి, మగవాళ్ళు తాగుడు మొదలుపెడతారు, అమ్మ ఊరికే కోప్పడుతుంది. అది గుర్తొస్తే ఎదుటివాళ్ళను కసరడం తగ్గుతుంది.

అనుభవం ఉన్నవాళ్ళు వెళ్తే నిజంగా ఏం తేడా ఉంటుంది?

చాలా ఉంటుంది.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడితోటలు నేలమట్టమయ్యాయి. ఒడిశా వైపు గజపతి జిల్లాలో కొండలు జారాయి. బరఘర అనే ఊళ్ళో వాన తప్పించుకోవడానికి గుహలోకి వెళ్ళినవాళ్ళ మీద కొండచరియ పడి చాలామంది పోయారు. మేం ఉద్దానం వైపు వెళ్ళాం.

వెళ్ళగానే బియ్యం దించలేదు. ముందు ఊళ్ళో డయాలసిస్‌కు వెళ్ళాల్సినవాళ్ళు ఎవరున్నారని అడిగాం. ఉద్దానం కిడ్నీ జబ్బు గురించి తెలియనిదెవరికి? రోడ్డు మూసుకుపోయి కరెంటు లేకపోతే వాళ్ళకు ఒక్కోరోజూ గండమే. తర్వాత నెలలు నిండినవాళ్ళు, మంచంలో ఉన్న ముసలివాళ్ళు. రోడ్డు కోసే రంపాలు ఎటు తిరగాలో ఆ జవాబులే చెప్పాయి.

సామాను పంచేటప్పుడు లైను పెట్టం. లైను పెడితే బలమున్నవాడికి ముందు, మొహమాటపడేవాళ్ళకు చివర. ఇల్లిల్లూ తిరిగి చేతికిస్తాం. లైను పెట్టక తప్పకపోతే ఒంటరి ఆడవాళ్ళనూ ముసలివాళ్ళనూ ముందు కూర్చోబెడతాం. చినిగిన బట్టలు మూటకట్టి పంపే దాతలకు చేతులెత్తి దణ్ణం పెట్టి వెనక్కిస్తాం. మా అమ్మకు ఫైలిన్‌లో ఎవరో ఇచ్చిన మూటలో గుండీలు లేని చొక్కా, జరీ చిరిగిన పెళ్ళిచీర వచ్చాయి. ఆమె దాన్ని ఎవరికీ చూపించకుండా మడిచిపెట్టింది.

ఫొటోలు తియ్యం. దాతలకు లెక్క చూపాలంటే సామాను ఫొటో తీస్తాం, అందుకునే చేతులది కాదు.

ఊరికే కూర్చోవడం కూడా ఒక పనే. కవిటి దగ్గర ఒక రైతు కూలిన కొబ్బరిచెట్టు మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాడు. కొబ్బరి పెట్టినవాడికి కాపు కళ్ళచూడటానికే ఏళ్ళు పడుతుంది. ఆయన తండ్రి పెట్టిన చెట్టట. "మళ్ళీ పెట్టుకోవచ్చులే తాతా" అనబోయిన కుర్రాడి భుజం మీద మా నాన్న చెయ్యి వేసి ఆపాడు. ఇద్దరూ ఆయన పక్కన కూర్చున్నారు. చాలాసేపటికి ఆయనే లేచి, "రంపం ఉందా బావూ" అని అడిగాడు.

భాష సమస్య రాదా?

సరిహద్దు మనుషులుగా మా వల్ల అయ్యే పెద్ద ఉపకారం భాషే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం చాలావరకు ఇటు వచ్చింది. తెలుగువాళ్ళు ఇటు, ఒడియావాళ్ళు అటు ఉండిపోయారు. తుపాను తర్వాత నష్టపరిహారం దరఖాస్తు ఇక్కడ ఒడియాలో ఉంటుంది, మా ఊరి ముసలమ్మలకు ఒక్క అక్షరం రాదు. ఇచ్ఛాపురం, మందస వైపు ఒడియా ఇళ్ళల్లో తెలుగు కాగితం పట్టుకుని అదే తికమక. ఫైలిన్‌లో మా కాగితాలు నింపిపెట్టింది బరంపురం నుంచి వచ్చిన ఒక ఒడియా కాలేజీ అమ్మాయి. తిత్లీలో ఒడియా ఇళ్ళకు తెలుగు కాగితాలు మేం నింపాం. ఇంటి నంబరు, బ్యాంకు ఖాతా, పోయిన పశువుల లెక్క రాసి, చదివి వినిపించి, అప్పుడే వేలిముద్ర తీసుకుంటాం. గజపతి కొండల్లోకి వెళ్ళేటప్పుడు సవర మాట్లాడేవాళ్ళు వెంట లేకుండా వెళ్ళం.

ఇది మన తీరంలోనే జరుగుతుందా?

కాదు. 2018 ఆగస్టు వరదల్లో కేరళ జాలర్లు తమ పడవలు లారీల మీదికెక్కించి చెంగన్నూర్ దాకా వెళ్ళి వేలమందిని బయటికి తెచ్చారు. అంతకు తొమ్మిది నెలల ముందు, 2017 నవంబరు చివర్లో, ఓఖీ తుపాను తిరువనంతపురం తీరంలోని జాలరి ఊళ్ళనే కుదిపేసింది. ఇంకా ఇంట్లో మనుషుల కోసం ఏడుస్తున్న ఊళ్ళ నుంచి కూడా పడవలు వెళ్ళాయి. ప్రభుత్వం పడవకు రోజుకు మూడువేల రూపాయలిస్తామంటే, ఒక యువ జాలరి మాకొద్దని బహిరంగంగా చెప్పాడు. ఆ మాట విన్న రోజు మా ఊళ్ళో గర్వపడనివాళ్ళు లేరు, ఆ పిల్లాడు మా పిల్లాడే అన్నట్టు.

జపాన్‌లో 1995 జనవరి 17న కోబె భూకంపం తర్వాత పది లక్షలమందికి పైగా స్వచ్ఛందంగా వచ్చారు. ఆ ఏడాదిని అక్కడ స్వచ్ఛంద సేవకు మొదటి ఏడుగా చెప్పుకుంటారు. కోబెలో సాయం అందుకున్నవాళ్ళు 2004లో నీగాటా భూకంపానికి, నీగాటావాళ్ళు 2011లో తోహోకు సునామీకి వెళ్ళడం గురించి అక్కడి పరిశోధకులు రాశారు. ఎరసమ, గంజాం, ఉద్దానం లాగే.

వాలంటీర్లంటే జీతం ఉంటుందా?

ఉండదు. ఆంధ్రా వైపువాళ్ళకు వాలంటీరు అనగానే 2019లో వచ్చిన గ్రామ, వార్డు వాలంటీర్ల వ్యవస్థ గుర్తొస్తుంది కాబట్టి ఈ ప్రశ్న తరచూ వస్తుంది. మేం అది కాదు. దారి ఖర్చు ఊరి చందాలోంచి. రాలేనివాళ్ళు, ముఖ్యంగా సూరత్ పిల్లలు, డబ్బు పంపుతారు.

మా ఇల్లే ఇంకా బాగుపడలేదు. ఇప్పుడే వెళ్ళాలనిపిస్తోంది. వెళ్ళనా?

ముందు నీ కప్పు. నీ పిల్లలకు పొడి చోటు. ఆ తర్వాత నీ వీధిలో పక్కింటి కప్పు. దూరం వెళ్ళడం వచ్చే తుపానుకు చూసుకోవచ్చు. ఫైలిన్ తర్వాత 2014 అక్టోబరు 12న, సరిగ్గా ఏడాదికి, హుద్‌హుద్ విశాఖను కొట్టింది. నాన్న వెళ్తానన్నాడు. అప్పటికి మా ఇంటికి సగం రేకులే పడ్డాయి. అమ్మ వద్దంది, అమ్మదే రైటు.

సాయం అందుకుని, ఎప్పుడూ రానివాళ్ళను ఏమనాలి?

ఏమీ అనకూడదు. "నీకు ఇచ్చినప్పుడు తీసుకున్నావు కదా" అని ఒక్కసారి అన్నా, ఇచ్చిన గిన్నె వెనక్కి లాక్కున్నట్టే. కొందరికి ఆ రోజులు తలుచుకోవడమే నరకం. కొందరికి ఇంట్లో రోగిష్టి ఉంటారు. కొందరు రారు, అంతే.

గాలి చప్పుడు వింటేనే ఒళ్ళు వణుకుతుంది. నాలాంటివాళ్ళు పనికొస్తారా?

వస్తారు, కానీ ముందు వరసలో కాదు. సామాను మూటలు కట్టడం, ఫోన్లు అందుకోవడం, పేర్లు రాయడం ఇంటి దగ్గరే చెయ్యవచ్చు. నిద్ర పట్టకపోవడం, ఉలిక్కిపడటం వారాల తరబడి ఉంటే 14416కు ఫోన్ చెయ్యండి. అది టెలిమానస్, ప్రభుత్వ ఉచిత మానసిక ఆరోగ్య సేవ, తెలుగులోనూ మాట్లాడతారు. మాలో ఇద్దరు చేశారు. వాళ్ళిప్పుడు ముందు వరసలోనే ఉన్నారు.

శిక్షణ ఎక్కడ దొరుకుతుంది?

ఒడిశాలో 800కు పైగా తుపాను, వరద షెల్టర్లున్నాయి. తీరంలో ఒక్కోదానికి ఊరివాళ్ళ కమిటీ, దాని కింద ప్రథమ చికిత్స, వెతుకులాట, షెల్టర్ నిర్వహణ నేర్చుకున్న కుర్రాళ్ళూ అమ్మాయిలూ ఉంటారు. మొదట అక్కడికే వెళ్ళండి. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ ఆపద మిత్ర పథకం కింద 12 రోజుల శిక్షణ ఇచ్చింది. 18 నుంచి 40 ఏళ్ళలోపువాళ్ళను చేర్చుకునేవారు. ఇప్పుడు ఏ శిక్షణ ఉందో జిల్లా అత్యవసర కేంద్రంలో అడగండి, ఫోన్ 1077. గంజాంలోని వెంకట్రాయిపూర్ అనే జాలరి ఊరు 2020లో యునెస్కో నుంచి సునామీకి సిద్ధంగా ఉన్న ఊరిగా గుర్తింపు పొందింది. అది చేసింది మనలాంటి మనుషులే.

మొదటిసారి వచ్చేవాళ్ళు ఏం తెచ్చుకోవాలి?

మీ తిండి, మీ నీళ్ళు, మీ పరుపు మీవే. తుపాను ఊళ్ళో ఒక్క పూట కూడా వాళ్ళ అన్నం తినకూడదు. పెడతారు, బలవంతం చేస్తారు, అందుకే ముందే చెబుతున్నాను. కాళ్ళకు మూసి ఉండే బూట్లు, చేతికి తొడుగులు, టార్చి, ధనుర్వాతం సూది. బురదనీళ్ళలో దిగాల్సి వస్తే ఎలుకల జ్వరం గురించి వెళ్ళేముందే డాక్టరును అడగండి. సంచిలో చోటు మిగిలితే గిన్నె ఒకటి, పొడిగా ఉండేలా ప్లాస్టిక్ కవరులో చుట్టిన అగ్గిపెట్టెలు, ఉప్పు ప్యాకెట్టు పెట్టుకోండి.